పీట కింద చీమలు

వంటింట్లో చీమల వరస కనిపించిందంటే దాని సంగతి తేలేదాకా నేను నిలవలేను. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకదొక జబ్బు. చక్కెర డబ్బా ఎప్పుడూ నీళ్ళు పోసిన పళ్ళెంలోనే ఉంటుంది. బెల్లాన్ని రెండు కవర్లలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద రాయి పెడతాను. మా ఆయన ఎలీషా అది చూసినప్పుడల్లా "బెల్లానికి సమాధి కట్టావే సంతోషా" అని నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఇరవై ఆరేళ్ళ కాపురంలో చీమలు పట్టిన కూర ఒక్కనాడు కూడా అతని కంచంలో పడలేదు.

నల్లపాడు అవతల మా ఊరు. ఫిబ్రవరి దాటి ఎండ చురుక్కుమనడం మొదలైందంటే చేలల్లో తడి ఉండదు. పత్తి పీకేసిన నేల నెర్రెలిస్తుంది. అప్పుడు ఎర్రచీమలు ఇళ్ళ మీద పడతాయి. చూడటానికి సన్నగా ఉంటాయిగానీ కుడితే నిప్పురవ్వ పడ్డట్టే. ప్రతి ఏడూ వస్తాయి, ప్రతి ఏడూ నేను తరిమేస్తాను. ఈ ఏడు మార్చిలోనూ వచ్చాయి. అయితే ఈసారి వాటి పద్ధతే నాకు అర్థం కాలేదు.

పొయ్యి గట్టు కింద గోడ మూల నుంచి వరస బయలుదేరింది. చక్కెర డబ్బా ఉన్న అర వైపు పోలేదు. బెల్లం డబ్బా వైపు తల కూడా తిప్పలేదు. నేల మీదుగా నేరుగా వచ్చి, ఎలీషా అన్నానికి కూర్చునే పీట ముందు గుంపు కట్టాయి. పీట ఎత్తి చూస్తే దాని కింద కూడా అవే.

"చిన్నపిల్లాడిలా మెతుకులు పారబోస్తున్నావేంటయ్యా?" అని ఆ రాత్రి అన్నం దగ్గర గొడవేసుకున్నాను.

"నేనెక్కడ పోశానే? ఇదిగో చూడు, కంచం కడిగినట్టుంది" అన్నాడు.

నిజంగానే కడిగినట్టుంది. నేల మీద ఒక్క మెతుకు లేదు. అయినా తిట్టాను. చీమలు మనకి కనపడనిది చూస్తాయి కదా, ఎక్కడో పులుసు చుక్క పడే ఉంటుందనుకున్నాను.

ఎలీషా పని గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. అతను మిరప కల్లంలో మేస్త్రీ. చేలో కోసిన కాయని ఊరి బయట ఎకరం మేర టార్పాలిన్ పట్టాల మీద పరిచి ఎండబెడతారు. రోజుకి నాలుగైదుసార్లు కాయ తిరగబడాలి, లేకపోతే అడుగున మెత్తబడి, తెల్లబారి ధర పలకని తాలుకాయ అవుతుంది. కర్రలతో లాగితే కాయ చిట్లి గింజ రాలుతుంది. అందుకని మనుషులు కాయలో దిగి, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తారు. చెప్పులు పట్టా అంచునే విప్పేస్తారు. చెప్పుతో కాయ తొక్కితే మా మేస్త్రీ ఊరుకోడు.

ఒట్టి కాళ్ళతో ఎండుమిరపలో నడిస్తే ఎలా ఉంటుందో నడిచినవాళ్ళకే తెలుసు. మధ్యాహ్నానికి పాదాలు భగభగ మండుతాయి. అందరూ గట్టెక్కి చెట్టు నీడన కూలబడతారు. ఎలీషా ఒక్కడూ కాయలోనే ఉంటాడు. నాలుగేళ్ళుగా అతని కాళ్ళకి మంట లేదు. "అలవాటైపోయిందిరా, కాళ్ళు రాటుదేలాయి. మీవి పెళ్ళికూతురి కాళ్ళు" అని మిగతావాళ్ళని ఆటపట్టించేవాడు. ఇనుపకాళ్ళ ఎలీషా అని పేరొచ్చింది. పక్క ఊరి కల్లాలవాళ్ళు కూడా వచ్చి చూసిపోయేవారు. వాళ్ళందరికంటే ఎక్కువగా పొంగిపోయింది నేను. మా చర్చిలో స్త్రీల కూటంలో నిలబడి, అది దేవుడిచ్చిన వరమని సాక్ష్యం కూడా చెప్పాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, చీమలు. మర్నాడు వంటిల్లంతా కడిగాను. గోడ మూల పగులులో పసుపు కూరాను. సాయంత్రానికి మళ్ళీ పీట దగ్గరికొచ్చాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. చీమల సుద్దతో గీత గీశాను. గీత చుట్టూ తిరిగి వచ్చాయి. చివరికి గుప్పెడు కారం తెచ్చి దారంతా చల్లాను. ఒక పూట ఆగాయి.

పక్కింటి కరీమున్ అక్క గోడ మీంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె ఇంట్లో ఉపవాసాల నెలలో ఖర్జూరాలు డబ్బాల కొద్దీ ఉంటాయి, చీమలతో ఆమెకి నాకంటే అనుభవం ఎక్కువ.

"ఎక్కణ్ణుంచి వస్తున్నాయని మూలలన్నీ వెతుకుతావేంటి సంతోషమ్మా? దేనికోసం వస్తున్నాయో అది చూడు. అది తీసేస్తే అవే పోతాయి" అంది.

"ఏమీ లేదక్కా అక్కడ. ఒట్టి పీట."

"ఒట్టి పీటకి చీమలెందుకు పడతాయి?"

నాకు రోషం వచ్చింది. పీట తెచ్చి సబ్బుతో తోమి ఎండలో పెట్టాను. ఆ రాత్రి దాన్ని పాత చోట వెయ్యలేదు, దొడ్డి గుమ్మం దగ్గర వేశాను. ఎలీషా అక్కడ కూర్చుని తిన్నాడు. పొద్దున లేచి చూస్తే చీమలు పాత చోటు వదిలేసి దొడ్డి గుమ్మం దగ్గరున్నాయి. అడుగు అటూ ఇటూ కాకుండా, అతను కాళ్ళు పెట్టుకున్న చోటే.

అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. పైగా ఆ చోటు ఊడుస్తుంటే రెండు చీమలు నా కాలివేళ్ళ సందున కుట్టాయి, గిలగిల్లాడాను. ఎలీషా అక్కడే గంటసేపు కూర్చుని టీ తాగి, ఫోన్ చూసుకుని లేచాడు. ఒక్కసారి కూడా గోక్కోలేదు.

"నిన్ను కుట్టవేంటయ్యా ఇవి?" అన్నాను.

"మేస్త్రీ అంటే భయం వాటికి" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మట్టల ఆదివారం వచ్చింది. పొద్దున ఈతమట్టలు పట్టుకుని ఊరేగింపుగా చర్చికి వెళ్ళొచ్చాం. మధ్యాహ్నం అన్నం తిని, వంటింట్లో నేల చల్లగా ఉంటుందని ఎలీషా అక్కడే చాప వేసుకుని పడుకున్నాడు. ఆ మధ్య అలా పడుకోవడం ఎక్కువైంది. నీళ్ళు కూడా చెంబులకి చెంబులు తాగేవాడు. ఎండలో పనిచేసే మనిషి కదా అనుకున్నాను. నేను దొడ్లో అంట్లు తోముకుని, గిన్నెల బుట్ట చంకన పెట్టుకుని లోపలికొచ్చాను.

గోడ మూల నుంచి వరస బయలుదేరి ఉంది. చాప అంచు ఎక్కింది. చాప మీదుగా పోయి ఎలీషా కుడికాలి మడమ ఎక్కింది. అక్కడ ఆగలేదు. మడమ పగులులోంచి లోపలికి పోతోంది.

గిన్నెల బుట్ట ఎప్పుడు కింద పెట్టానో నాకు గుర్తులేదు. వంగి చూశాను. కొన్ని లోపలికి పోతున్నాయి, కొన్ని లోపలినుంచి బయటికి వస్తున్నాయి. ఎలీషా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

తడిగుడ్డతో విదిలించాను. చెంబుతో నీళ్ళు పోశాను. ఎర్రటి నీళ్ళు జారాయి. కల్లంలో పనిచేసేవాళ్ళ కాళ్ళు ఎప్పుడు కడిగినా ఎర్రనీళ్ళే పోతాయి, కారం రంగు అది. మా కుళాయి దగ్గర బండ కూడా ఎర్రబారే ఉంటుంది. ఆ రంగు కిందే ఇన్నాళ్ళూ రసి కారుతూ ఉందని నాకేం తెలుసు? వాసన తెలియలేదా అని తర్వాత అందరూ అడిగారు. మార్చి నెలలో మా కాలనీలో గాలంతా మిరప ఘాటే. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

రంగు పోయాక చర్మం తెల్లగా నానిపోయి కనిపించింది. మధ్యలో చిల్లు. చిల్లులో నల్లగా ఏదో ఉంది. గోళ్ళతో పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. సర్కారు తుమ్మ ముల్లు, నా చిటికెన వేలంత పొడుగు, రసితోపాటు చేతిలోకి వచ్చింది.

అదే సమయానికి ఎలీషా ముక్కు మీద ఈగ వాలింది. నిద్రలోనే మొహం చిట్లించి, చేత్తో దాన్ని తోలేసుకుని, పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఈగ తెలిసింది. ముల్లు తెలియలేదు.

నా గొంతులోంచి కేక వచ్చింది. ఎలీషా అదిరిపడి లేచాడు. "ఏంటే, పామా?" అన్నాడు. నేను అరచెయ్యి చాపి ముల్లు చూపించాను.

"ఎక్కడిదది?"

"నీ కాల్లోది."

"నా కాల్లోదా? ఎప్పుడు గుచ్చుకుంది?" అన్నాడు.

కాలు అతనిది. ముల్లు ఎప్పుడు గుచ్చుకుందని నన్నడుగుతున్నాడు. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ ముల్లు మొన తిప్పి, అతని కాలి బొటనవేలికి ఆనించి నొక్కాను. రక్తం చుక్క వచ్చింది. నేను అతని మొహం వైపే చూస్తున్నాను. ఆ మొహంలో ఏ మార్పూ లేదు.

"గుచ్చుతావా ఏంటే?" అన్నాడు.

"గుచ్చేశానయ్యా" అన్నాను.

అతను వంగి బొటనవేలు చూసుకున్నాడు. రక్తపు చుక్కని వేలితో తుడిచి, ఆ వేలు చాలాసేపు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఎలీషా భయపడటం నేను అదే మొదటిసారి చూడటం.

జక్రయ్య అన్నకి ఫోన్ చేశాను. ఎలీషాతో ముప్పై ఏళ్ళుగా కల్లాల్లో పనిచేసే మనిషి, పిలిస్తే అన్నం ముందు నుంచి కూడా లేచి వస్తాడు. ఆటో తెచ్చాడు. గుంటూరులో ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ పేరు షిరీన్, మా పెద్దమ్మాయి వయసుంటుంది. వేలి నుంచి రక్తం చుక్క తీసి మిషన్‌లో పెట్టి చూసి, మళ్ళీ ఇంకో చుక్క తీసింది.

"షుగర్ నాలుగు వందల పద్దెనిమిది ఉందండి. మందులేం వాడుతున్నారు?"

"ఏ మందూ లేదమ్మా. నాకు షుగరేంటి?" అన్నాడు ఎలీషా.

"కాళ్ళు మొద్దుబారి ఎన్నాళ్ళయింది?"

"మొద్దు కాదమ్మా. మిరపలో నడిచీ నడిచీ రాటుదేలాయి. నాలుగేళ్ళయింది, నాకు మంటే తెలియదు" అన్నాడు. అంత భయంలోనూ ఆ చివరి మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికింది.

డాక్టరమ్మ కాలు ఎత్తి చూసింది, వేళ్ళు విడదీసి చూసింది. చివరి రెండు వేళ్ళ సందున నల్లబడి ఉంది. అది కారం మరకనుకున్నాను నేను.

"రాటుదేలడం కాదండి. నరాలు చచ్చిపోయాయి. ఒంట్లో షుగర్ ఎక్కువై కాలికి స్పర్శ పోయింది. అందుకే ముల్లు తెలియలేదు, చీమలు తెలియలేదు. చీము లోపలికి పాకింది. వేళ్ళ సందున కూడా కుళ్ళింది, ఆ రెండు వేళ్ళు తీసేయాలి. ఇంకా పైకి పాకి ఉంటే చీలమండ దాకా తీయాల్సి వస్తుంది. వేళ్ళు తీశాక నాలుగు రోజులు చూస్తేగానీ చెప్పలేను" అంది.

చీలమండ దాకా అన్న మాట ఒక్కటే నా చెవుల్లో ఉంది. నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా ఆ కాళ్ళు చచ్చిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను. చర్చిలో నిలబడి స్తోత్రం చెప్పాను.

జక్రయ్య అన్న మంచం పక్కన నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"ఒరేయ్ ఎలీషా, నీకు మంట తెలియదన్నది నిజంగా నిజమేనా?" అన్నాడు.

"నిజం కాకపోతే? మీక్కూడా అలవాటయ్యే ఉంటుందిగా ఇన్నేళ్ళకి. ఊరికే నీడకి పోవడానికి నాటకాలాడతారుగానీ" అన్నాడు ఎలీషా.

"ఎక్కడి అలవాటురా! ముప్పై ఏళ్ళయింది, ఇవాళ్టికీ మండి చస్తున్నా. ఇంటికెళ్ళి మజ్జిగ గిన్నెలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటా. మా అందరిదీ అదే పని. నువ్వు వెక్కిరిస్తావని ఎవడూ బయటికి చెప్పడు. నువ్వూ మాలాగే ఓర్చుకుంటున్నావు, మాకంటే మొండోడివి అనుకున్నాం. అసలు తెలియడమే లేదని మాకేం తెలుసురా?"

మంట అందరికీ ఉందన్న మాట ఎలీషాకి ఆ రోజే తెలిసింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది.

బుధవారం రెండు వేళ్ళు తీశారు. ఆ నాలుగు రోజులూ నేను నీళ్ళు తప్ప ఏదీ మింగలేకపోయాను. ఈస్టర్ నాడు పొద్దున డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "పైకి పాకలేదు. పాదం మిగిలింది" అంది. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకోబోతే లాగేసుకుంది.

ఆ తర్వాత ఎడమ కాలు పరీక్ష చేసింది. ఎలీషాని కళ్ళు మూసుకోమని, సన్నటి దారంలాంటిది పాదానికి తాకిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమంది.

"ఆఁ" అన్నాడు ఎలీషా. "ఆఁ. ఆఁ. ఇక్కడ కూడా."

డాక్టరమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. దారం ఇంకా కాలికి తాకించనే లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"కళ్ళు తెరవండి. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకండి. ఈ కాల్లో ప్రాణం ఎంతుందో తెలిస్తేనే దీన్ని కాపాడుకోగలం. ఏ కొంచెం మిగిలినా మందులతో, జాగ్రత్తతో దాన్ని నిలబెట్టవచ్చు. అసలేం మిగలకపోతే ఈ కాలికి కూడా రేపు అదే గతి" అంది.

ఎలీషా తల వంచుకున్నాడు. తెలిసిందో లేదో తనకే తెలియదట. అంతకంటే భయంకరమైన మాట నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చాం. జక్రయ్య అన్న మేస్త్రీ పని అందుకున్నాడు. మొదటి రోజే అందరికీ పాత సాక్సులు పంచి, అవి తొడుక్కుంటేనే కాయలో దిగమన్నాడట. ఇంట్లో నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సెల్‌ఫోన్ లైటు వేసి ఎలీషా రెండు పాదాలూ వేలు వేలునా చూస్తున్నాను. ఎడమ పాదం నొక్కి అడగడం మాత్రం మానేశాను. అడిగిన ప్రతిసారీ అతని మొహంలో అబద్ధానికీ నిజానికీ మధ్య పెనుగులాట కనిపించేది. మాత్రలు వేళకి మింగుతున్నాడు. టీలో చక్కెర అడగడం లేదు. ఇనుపకాళ్ళ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

ఏప్రిల్ నెలాఖరు. పదకొండు గంటల వేళ నేను పొయ్యి మీద పప్పు కలుపుతున్నాను. ఎలీషా దొడ్డి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కుడికాలు ముక్కాలిపీట మీద చాపుకుని, ఎడమకాలు నేల మీద పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు.

"అబ్బా!" అని కేక పెట్టాడు.

గరిటె నా చేతిలోంచి గిన్నెలో పడిపోయింది. చిక్కుడుకాయలు నేలంతా చిమ్మి ఉన్నాయి. ఎలీషా ఎడమకాలు పైకెత్తి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఏమైంది? ఏమైందయ్యా?"

"ఏదో కుట్టిందే! నిప్పు పెట్టినట్టుంది!"

మోకాళ్ళ మీద కూలబడి చూశాను. పాదం లోపలివైపు, అరికాలి వంపులో ఒక ఎర్రచీమ కరుచుకుని వేలాడుతోంది. నేల మీద వరస ఉంది. కళ్ళతోనే వరస వెంట పరిగెత్తాను. అది ఎలీషా కుడికాలి దగ్గరికి పోవడం లేదు. కుర్చీ పక్కనుంచి గోడెక్కి, అర మీదికి పోయి, చక్కెర డబ్బాలోకి దిగుతోంది. ఆసుపత్రి గొడవలో పడి పళ్ళెంలో నీళ్ళు పొయ్యడం మరిచిపోయాను. నీళ్ళెండిపోయి ఎన్నాళ్ళయిందో.

"కుట్టిందా? నిజంగా తెలిసిందా?" అన్నాను.

"తెలియకపోవడమేంటే, మండుతోంది!"

"ఏంటీ?"

"మండుతోందే! తీసెయ్ ముందు దాన్ని!"

అలవాటు చొప్పున బొటనవేలు చీమ మీదికి పోయింది. నలిపెయ్యలేకపోయాను. చిక్కుడుకాయల్లో కలిసొచ్చిన ఆకు ఒకటి తీసుకుని, దాని మీదికి ఎక్కించి, మెల్లిగా తీసుకెళ్ళి వరసలో దింపాను. నా కళ్ళ నిండా నీళ్ళు, సరిగ్గా దింపానో లేదో కూడా కనపడలేదు.

వెనక ఎలీషా ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "మండుతోంది సంతోషా, అబ్బా, మండుతోందే!" కేకలు విని కరీమున్ అక్క గోడ మీంచి తొంగిచూసి, "ఏమైంది, మందు ఏమన్నా రాయనా?" అంది.

"వద్దక్కా. అరవనీ" అన్నాను.